ఊరు కట్టేశాక పరీక్ష

మనుషులందరూ చచ్చేవాళ్ళే, మావ మనిషే, కాబట్టి మావ కూడా చచ్చేవాడే. తర్కశాస్త్రం మొత్తమ్మీద నరసింగరావుకి నచ్చిన ముక్క ఇదొక్కటే. అటక మీద చింతపండు కుండకీ ఉల్లిపాయల గోనెకీ మధ్య ఇరుక్కుని, మోకాళ్ళు గెడ్డానికి ఆనించుకుని, పొద్దుటినుంచీ దీన్నే తిప్పి తిప్పి చదువుతున్నాడు. కింద వసారాలో మేనమామ సోములు నోరు తెరుచుకుని గుర్రుపెడుతున్నాడు, ఆ నోటి చుట్టూ ఈగలు వాలుతున్నాయి, లేస్తున్నాయి, మళ్ళీ వాలుతున్నాయి, పొద్దున్నే పట్టించిన సారా కంపు పలకల సందుల్లోంచి పైకి తన్నుకొస్తోంది. ఛీ, ఏం మనిషి. పండగని పెళ్ళాం పిల్లలతో దిగిపోయి, ఇల్లంతా ఉమ్ములూ చుట్టపీకలూ చేసి, పైగా నిన్న "ఏటిరా అల్లుడూ, ఆ పుస్తకంలో ఏటున్నాదేటి" అని జిడ్డు చేత్తో తర్కం పుస్తకం లాక్కున్నాడు, ఆ పేజీ మీద మాంసం నూనె ఇప్పటికీ ఆరలేదు. రేపు పొద్దున్న విజయనగరంలో పి.యు.సి. పరీక్షలు మొదలు. రేపు ఇంగ్లీషు, ఎల్లుండి తెలుగు, ఆ తర్వాత తర్కం, ప్రాచీన చరిత్ర, అర్థశాస్త్రం, చివర్న ఆర్ట్సు చదివే గాడిదలకి కూడా ఇంత సైన్సు తెలియాలని ఏ మహానుభావుడో తగిలించిన జనరల్ సైన్సు. ఒకదానికీ ఇంకోదానికీ పొత్తు లేదు. అవి ఒక తల్లి పిల్లలు కావు సరే, ఒక ఊరివాళ్ళు కూడా కావు, అన్నిటినీ తెచ్చి ఒకే బుర్రలో కాపరం పెట్టమంటే ఎలా పెడతాయి? అందులోనూ ఇది రెండోసారి. పోయినేడు తప్పాడు. ఈపాలి తప్పితే మరి నాగలేరా అని అన్న అప్పలసూరి ఒక్కసారి అన్నాడు, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, ఎత్తకపోవడమే నరసింగరావుకి భయం.

విజయనగరంలో పరీక్ష పెట్టుకుని రాజాం అవతల సొంతూళ్ళో అటకెక్కి కూర్చోవడం ఏమిటయ్యా అంటే, ఊరు కట్టేశారు. అమ్మవారి పండగకి డప్పు కొట్టి చాటింపు, అదే చాటు, వేశాక పూజారి లక్ష్ముడు నెత్తురు కలిపిన అన్నం, దాన్ని పొలి అంటారు, ఆ పొలి చల్లుకుంటూ పొలిమేర చుట్టి వచ్చాడంటే ఊరికి కట్టు పడిపోయినట్టే. ఆ తర్వాత వచ్చే చుట్టాలు వస్తారు, పోయే చుట్టాలు పోతారు, కుండలమ్మేవాడికీ బట్టల మూటలవాడికీ అడ్డు లేదు. ఆ ఊళ్ళో పుట్టిన ప్రాణి మాత్రం అమ్మవారిని సాగనంపేదాకా పొలిమేర దాటి ఎక్కడా నిద్ర చెయ్యకూడదు. చేస్తే ఎవరింట్లోనో శవం లేస్తుందట. వెనకోసారి ఎవడో కట్టు దాటి కొత్తవలస రైలు లైను పనిలోకి పోయాడని, ఆ ఏడే దొమ్మరోగం తగిలి ఊళ్ళో పశువులన్నీ వరసగా పడిపోయాయని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన దానివల్లే జరిగినట్టు కాదు పిన్నీ, అది తర్కదోషం అని మొన్న నూతి దగ్గర గున్నమ్మ పిన్నికి చెప్పబోతే, ఆవిడ మేకపేగులు కడుగుతున్న చేత్తోనే ముక్కు తుడుచుకుని, "నీ తరకం నీ కాలేజీలో ఎట్టుకోరా నాయినా, మా గుంటల్ని సల్లగా ఉండనీ" అంది. ఆ చెయ్యి, ఆ ముక్కు, ఛీ. చాటు వేసే రోజు పొద్దున్నే వెళ్ళిపోదామని నరసింగరావు పెట్టె పట్టుకుని బస్సాగే ఊరి మొగకి వెళ్ళినమాట నిజమే. బస్సు కిటకిటలాడుతూ వచ్చింది, ఎక్కడానికి సందు లేకపోయింది, సాయంత్రానికి లక్ష్ముడు పొలి చల్లేశాడు. ఇందులో తన తప్పేముంది?

తర్కం మూసేసి ఇంగ్లీషు తీశాడు. రేపు రాయాల్సింది ఇదే కదా. వానరోజు మీద వ్యాసం, బజారు గైడులోది, మొదటి పేరా నుంచి చివరి పేరా దాకా బట్టీ. తెలుగు చేస్తే, ఆకాశం మేఘావృతమై యున్నది, కప్పలు బెకబెకమనుచున్నవి, బాలురు కాగితపు పడవలు వదులుచున్నారు. ఈ అటక మీద పెంకులు కాలి చెమట జారి వీపు కింద గోనెపట్టా తడిసిపోయింది, ఇక్కడ కూర్చుని వానరోజు! ఆ గైడు రాసినవాడికి వాన తెలుసో లేదో గాని చాతుర్యం మాత్రం తెలుసు, ఏ వ్యాసం అడిగినా చివరి పేరా ఒకటే, ప్రకృతి మనకు గురువు అంటాడు. అచ్చుతప్పులతో సహా బట్టీ పట్టించాడు, పోయినేడు ఆ తప్పే తను రాస్తే ఇంగ్లీషు మాస్టారు క్లాసులో అందరి ముందూ చదివి వినిపించాడు. ఆయన మెడ వెనకాల రుమాలు, ఆ రుమాలుకి సెంటు. కాలేజీలో చేరిన కొత్తలో తను లేచి "సెప్పండి సార్" అంటే పెదాల చివర్న నవ్వి, "సెప్తాను బాబూ, సెప్తాను" అన్నాడు, క్లాసంతా గొల్లుమంది. ఆ రోజునుంచీ నరసింగరావు ఆచితూచి చెప్పండి అనడం నేర్చుకున్నాడు. చెప్పండి అంటున్నప్పుడల్లా నాలిక్కి ఎవరిదో ఎంగిలి తగిలినట్టుండేది. ఇంటికొచ్చి అమ్మతో సెప్పు అనకుండా చెప్పు అంటే అమ్మ మురిసిపోయింది, నా కొడుకు విజీనారం మాటలు మాటాడతన్నాడే అని వీధిలో చెప్పుకుంది, అదీ రోతగానే ఉంది. ఇంగ్లీషు రాదు, ఉన్న తెలుగు పోయింది. కప్పలు బెకబెకమనుచున్నవి. తర్వాత ఏమిటి? కాగితపు పడవలకి ముందా, తర్వాతా, రైతులు సంతసించుచున్నారు అన్నది ఎక్కడొస్తుంది? సంతోషించే రైతుని తను ఇంతవరకూ చూడలేదు, వాన పడితే అప్పలసూరన్న తిట్టుకుంటూ గోచీ పెట్టుకుని పొలంలోకి పరిగెత్తడమే చూశాడు.

వదిలేద్దాం, చరిత్ర కాస్త నయం. సింధునది లోయలో నగరాలు, ఇటుకల మురికికాలువలు, వాటి మీద మూతలు, ఇంటింటికీ స్నానాల గది. కాలువల మీద మూతలున్నాయిరా వాళ్ళకి, అన్ని వేల ఏళ్ళ కిందట! పెంకు పక్కకి జరిపి వీధిలోకి చూస్తే పండగ ఊరు కనిపిస్తోంది, ఎవరింటి ముందు వాళ్ళు మాంసం కడిగిన నీళ్ళు వంపేస్తున్నారు, ఎర్రటి ఆ నీళ్ళు వీధి మధ్య పాయ కట్టి, పేడలో కలిసి, రావిగింజల్లా ఈగలు మూగి, అందులోంచే ఎవరో పిల్ల ఇత్తడి చెంబుతో అమ్మవారికి పసుపునీళ్ళు తీసుకెళుతోంది. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారు, అశోకుడికి హృదయ పరివర్తన కలిగింది, దీనికి కారణములను వివరింపుము. కారణాలేముంటాయి, కంపు భరించలేకపోయి ఉంటాడు. ఆ కళింగం ఇదే కదా, ఈ మట్టే కదా, అంత గొప్ప రాజుకే ఇక్కడి నెత్తురు చూసి వెగటు పుట్టిందంటే తనకి పుట్టడంలో వింతేముంది. ఈ సంగతి పరీక్షలో రాస్తే బాగుండును. రాస్తే సున్నా వేస్తారు. కారణాలు అయిదని గైడులో ఉంది, అందులో రెండు గుర్తున్నాయి, మిగిలినవాటి స్థానంలో అర్థశాస్త్రంలోని కారణాలు వచ్చి కూర్చుంటున్నాయి. భూమి పరిమితము, శ్రమ చలనము గలది. అశోకుడికి చలనం కలిగింది. ఛ.

అర్థశాస్త్రంలో మాత్రం ఒక్క సూత్రం ఒంటికి పట్టింది, క్షీణోపాంత ప్రయోజన సూత్రం. మొదటి మామిడిపండు తింటే ఎంతో తృప్తి, రెండోది తింటే కొంత తక్కువ, తింటూ పోతే తృప్తి సున్నా అయి, ఆ పైన తింటే విముఖత్వం. ఆ విముఖత్వం అన్నమాట ఎవరు కనిపెట్టారో గాని బంగారం లాంటి మాట. పండగ మొదటిరోజు మాంసం కూర బాగానే ఉంది. రెండోరోజు అదే కూర. మూడోరోజు కాచి కాచి నల్లబడిన అదే కూర, పైన తెట్టుకట్టిన కొవ్వు, అందులో ఎవరిదో తలవెంట్రుక. ఇవాళ పొద్దున్న అమ్మ పళ్ళెంలో పెట్టి అటక మీదికి అందిస్తే ఆ వాసనకే డోకొచ్చింది. కాని సోములు మావ మీద ఈ సూత్రం పనిచెయ్యదు, ఎన్నో పళ్ళెమైనా మొదటి పళ్ళెంలాగే లాగిస్తాడు, మినహాయింపులను పేర్కొనుము అని అడిగితే మావ పేరు రాయొచ్చు. మావ పొట్టలోకి పోయిన కూర ఏమవుతుంది? అది జనరల్ సైన్సు. నోరు, అన్నవాహిక, జీర్ణకోశం, చిన్నపేగు, పెద్దపేగు. కాలేజీలో ట్రేలో కప్పని కోసి చూపించినప్పుడు ఆ మందునీళ్ళ ఘాటుకి కళ్ళు తిరిగి కిటికీ పట్టుకున్నాడు, అది చూసి కూడా నవ్వారు. కప్పకి నాలుగు కాళ్ళూ మేకులు కొట్టి పరిచేశారు, గుండె ఇంకా కొట్టుకుంటోంది, చూడండి అన్నాడు మాస్టారు. ఇక్కడ నూతి దగ్గర గున్నమ్మ పిన్ని పేగు ఒక చివర పట్టుకుని ఊది, గొట్టంలా ఉబ్బించి, కడిగి ఆరేస్తోంది. పెద్దపేగు పొడవెంత? కళింగ యుద్ధం ఏ సంవత్సరం? బెకబెకమనుచున్న కప్పకి పెద్దపేగు ఉంటుందా? ఒకటి పట్టుకుంటే ఇంకొకటి జారిపోతోంది, కాదు, జారిపోయినా బాగుండును, జారకుండా ఒకదాన్నొకటి అంటుకుని ముద్దయిపోతున్నాయి, మూడో నాటి కూరలాగే.

విజయనగరం గదిలో తనతో ఉండే సీతారామారావుకి ఈ గొడవ లేదు. రాజాం బజార్లో కిరాణా కొట్టువాళ్ళ అబ్బాయి, చదువు కూడా కొట్టు సర్దినట్టే సర్దుకుంటాడు. చరిత్ర చదివాక లేచి మొహం కడుక్కుని, పుస్తకం గోడకి పెట్టి, అప్పుడు అర్థశాస్త్రం తీస్తాడు. "ఒరే నరసింగూ, మిరపకాయలూ బెల్లం ఒక డబ్బాలో పోసీసి, కారంగున్నాదేటి, తియ్యగున్నాదేటి అని ఏడిస్తే ఎలగ్రా? దేని డబ్బా దానిదే" అంటాడు, ఎంతో తేలిగ్గా. వాడి తేలికతనం చూస్తే ఒళ్ళు మండుతుంది. వాడు తలకి రాసుకునే నూనె వాసన, వాడు చదువుతూ వేళ్ళు విరిచే చప్పుడు, వాడికి ఎస్.ఎస్.ఎల్.సి.లో వచ్చిన మార్కులు, అన్నీ అసహ్యమే. వాడు మంచివాడు, అదింకా అసహ్యం. ఇప్పుడా గదిలో వాడొక్కడే కూర్చుని, నల్లులు కుడుతున్నా లెక్కచెయ్యకుండా, తెలుగు పద్యాలు అప్పజెప్పుకుంటూ ఉంటాడు. తెలుగు కూడా ఉంది కదూ. గణాలు, యతులు, ప్రాసలు. గురువు, లఘువు, లఘువు, గురువు. వీధి చివర డప్పులు మొదలయ్యాయి, ఎండలోనే, సిగ్గూ శరమూ లేకుండా. డప్పు దెబ్బలో కూడా గురువులూ లఘువులూ ఉన్నాయి, విందామనుకోకపోయినా చెవి గణాలు కట్టేస్తోంది, ఆ గణాల్లో ఏ పద్యమూ ఇమడటం లేదు, మనుషులందరూ చచ్చేవాళ్ళే అన్నది మాత్రం చక్కగా ఇమిడిపోయి కూర్చుంది. నరసింగరావు రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకున్నాడు. లోపల కూడా అదే మోత.

ఈ ఊరి మూఢత్వం వల్ల తన బతుకు నాశనమైపోతోంది, ఆ సంగతి మాత్రం స్పష్టం. ఎవరో తాగుబోతు పూజారి ఇంత నెత్తుటన్నం చల్లితే చదువుకున్నవాడు పరీక్ష మానుకుని అటక మీద కూర్చోవాలి! ఎక్కడికో పోయి ఎవరో చంద్రుడి చుట్టూ తిరిగి వస్తామంటున్న రోజులివి. సీతారామారావుతో ఈ మాటలే చెప్పాలి, ఇలాగే, ఈ కోపంతోనే. ఏం చెయ్యనురా, ఊరు కట్టేశారు, నన్ను కదలనివ్వలేదు అని. క్లాసులో అందరూ అయ్యో అంటారు, ఆ రుమాలు మాస్టారు కూడా నవ్వలేడు. ఇంతసేపటిదాకా ఈ మాటలు ఎన్నిసార్లు అనుకున్నాడో, చదివిన పాఠాలన్నిటికంటే ఇదే గట్టిగా వచ్చింది. బస్సు కిటకిటలాడిపోయింది. అవును. అంటే లోపల కిటకిటలాడింది, టాపు మీద మూటల పక్కన చోటుంది, ఇద్దరు ముగ్గురు ఎక్కారు కూడా. టాపు మీద ఎండ, పుస్తకాల పెట్టెతో ఎలా ఎక్కుతాడు? పెట్టె అందుకోడానికి పైవాడు చెయ్యి చాపాడు. చాపలేదు. చాపాడు. కండక్టరు, "ఎక్కుతావేటి, ఎక్కవేటి బాబూ, సెప్పు" అని అరిచాడు. తను కాలి చెప్పు దులుపుకుంటూ ఒంగున్నాడు. ఒంగునే ఉన్నాడు. బస్సు పోయాక లేచి దుమ్ము దులుపుకుంటే ఒళ్ళంతా తేలికైపోయింది, సెలవులిచ్చిన పిల్లాడికి అయినట్టు. చాటు ఎప్పుడు వేస్తారో అమ్మ పంపిన కబురులోనే ఉంది. అది వినే విజయనగరం నుంచి బయల్దేరాడు. మెస్సు సాంబారులో బొద్దింక పడిందని సీతారామారావుతో చెప్పాడు గాని, బొద్దింక అంతకు ముందు నెల పడింది. రెండేళ్ళ కిందట ఉక్కు ఫ్యాక్టరీ కోసం గొడవలై కాలేజీలన్నీ మూసేసినట్టు ఈ ఏడు కూడా దేనికోసమైనా గొడవ జరుగుతుందని ఎదురుచూశాడు, ఎవడూ దేనికోసమూ గొడవ చెయ్యలేదు, ఇక అమ్మవారే దిక్కయింది. నరసింగరావు ఈ ఆలోచన మీదనుంచి గబగబా లేచిపోయి చరిత్ర పుస్తకం తెరిచాడు. దాని మీద ఎలక పెంటికలున్నాయి, ఊది పారేశాడు.

నిచ్చెన కిర్రుమంది. అటక సందులోంచి ముందు పసుపు పూసిన నుదురు, తర్వాత మొహం, అమ్మ దాలమ్మ తల మాత్రం పైకొచ్చి ఆగింది. నుదుటి పసుపుకి మట్టి అంటుకుని ఉంది, నేలకి ఆనించి మొక్కిన మట్టి. ఆయాసపడుతోంది.

"దిగు నాయినా, బేగి దిగు. లక్ష్ముడు ఒప్పుకున్నాడు. అమ్మోరు ఒప్పుకున్నాది."

"ఏటొప్పుకున్నాది?" అన్నాడు నరసింగరావు, నేర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి.

"నిన్నంపడానికిరా! కట్టు పడ్డకాడినుంచి పొద్దున్నా సాయంకాలం ఆ లక్ష్ముడి గుమ్మంలో పడున్నాను. గున్నమ్మయితే ఊరికి సావు తెస్తావేటే అని నలుగురిలో నా మీద ఉమ్మేసింది, ఎయ్యనీ. ఇయ్యాల ఒప్పుకున్నాడు. ఒకలెల్తే ఒకలు కూకోవాలట. నువ్వు పరీచ్చలు రాసీసి తిరిగొచ్చిందాకా నీ బదులు నాను అమ్మోరి గుడిసిలో కూకుంటాను. గడప దాటకూడదు, నానిన గింజలు తప్ప ఒండింది ముట్టకూడదు, అంతే. అదేటి పెద్ద కష్టం? మీ అన్న బండి కట్టీసినాడు, నీ పెట్టి కూడా ఎక్కించీసినాడు. రాజాంలో సాయంకాలం బస్సు అందుతాది. ఇదిగో, అటుకులు."

అటుకుల మూట ముందు పైకొచ్చింది, దాన్ని పట్టుకున్న చెయ్యి తర్వాత. నరసింగరావు దాన్ని అందుకోలేదు. అమ్మవారి గుడిసె అంటే నాలుగు తాటాకులు, లోపల నిలబడితే తల తగులుతుంది, ఎదురుగా పోతుని కొట్టే చోటు, ఆ ఈగలు, ఆ కంపు, అందులో అమ్మ పరీక్షలన్నీ అయ్యేదాకా కూర్చుంటుందట. అయ్యో అనిపించాలి, అనిపించలేదు. ముందుగా అనిపించింది భయం, అమ్మ కోసం కాదు, రేపు పొద్దున్న కోసం. తెల్లకాగితాలు, సిరాబుడ్డి, మాస్టారి బూట్ల చప్పుడు, కప్పలు బెకబెకమనుచున్నవి, ఆ తర్వాత ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదు, అయిదు పుస్తకాలూ గైడూ కలిపి చిలికినా వెన్నపూస కాదు కదా మజ్జిగ కూడా రాదు. ఊరు కట్టింది లక్ష్ముడు కాదు, ఊరు కట్టాలని లోపల మొక్కుకున్నది తను, ఆ కట్టు కిందే ఇన్నాళ్ళూ హాయిగా ముసుగు తన్ని, పైకి మాత్రం దాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాడు, ఇప్పుడీ పిచ్చిది పోయి ఆ కట్టు విప్పించుకొచ్చింది. ఎవడు విప్పమన్నాడు? ఎవడు అడిగాడు నిన్ను? అమ్మ మొహం మీది మట్టి చూస్తే అసహ్యం వేసింది, ఆ మట్టి చూసి అసహ్యం వేసిన తన మీద ఇంకా అసహ్యం వేసింది, ఇంత అసహ్యంలో కూడా ఎక్కడో ఒక మూల బుర్ర చల్లగా పనిచేస్తూనే ఉంది. పొద్దుటినుంచీ ఒక్క ముక్క పట్టని బుర్ర ఒక్క క్షణంలో వాక్యం తర్వాత వాక్యం పేర్చి అందించింది.

"నానెల్లనమ్మా" అన్నాడు.

"ఏటంతన్నావురా?"

"అమ్మోరి కట్టు దాటకూడదు గదా. నిన్ను తీసుకెళ్ళి ఆ గుడిసిలో పడీసి నాను పరీచ్చలు రాస్తానేటి? పరీచ్చలు మల్లీ వొస్తాయి. నువ్వు మల్లీ వొస్తావేటి?"

చివరి మాట ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు, అంత చక్కగా వచ్చింది. నోట్లోంచి వచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవాలని ఒక్క క్షణం అనిపించింది. దాలమ్మ నిచ్చెన మీద అలాగే నిలబడి కొడుకుని చూసింది, ముందు అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది, అర్థమవుతున్న కొద్దీ ఆ మొహం వెలుగుతూ పోయింది, అంత వెలుగు పోయినేడు పరీక్ష పాసై ఉంటే కూడా వచ్చేది కాదేమో. గబగబా దిగిపోయింది. గుమ్మంలోకి వెళ్ళాక గొంతు విప్పింది. "ఓలే గున్నమ్మా, ఇన్నావే? నా కొడుకేటన్నాడో ఇన్నావే? అమ్మోరు ఎల్లమన్నా ఎల్లనన్నాడే! పరీచ్చ కన్నా అమ్మోరే ఎక్కువన్నాడే!"

కిందికి దిగేసరికి వాకిలి నిండిపోయింది. దిగకుండా ఉండొచ్చు, దిగాడు. అమ్మ ఇత్తడి పళ్ళెం తెచ్చి, వద్దంటున్నా వినకుండా, వద్దని అతను గట్టిగా అననూ లేదు, కన్నకొడుకు కాళ్ళు అందులో పెట్టించి పసుపునీళ్ళు పోసింది. సోములు మావ నిద్ర లేచి విషయం విని, నా మేనల్లుడు అంటూ మీద పడి ఏడ్చాడు, సారా కంపు చెంపకి తడిగా తగిలింది. గున్నమ్మ పిన్ని చంకలో చీమిడిముక్కు పిల్లాణ్ణి తెచ్చి, "నీ సెయ్యి ఆడి తలమీద ఎట్టు బాబూ" అంది, రా నుంచి బాబూలోకి ఎంత తొందరగా వచ్చేసింది! నరసింగరావు చెయ్యి పెట్టాడు. పిల్లాడి తల జిగురుగా ఉంది. లక్ష్ముడు వచ్చి జనం మధ్యలో నిలబడి, "సదువుకున్నోల్లకి బక్తి నేదంతారు, సూడండర్రా ఈ గుంటడ్ని" అని నుదుట కుంకం అద్దాడు, ఆ బొటనవేలి గోటిలో ఎండిన నెత్తురుంది. ఇప్పుడైనా ఒక్క మాట చెప్పొచ్చు. బండి ఇంకా కట్టే ఉంది, పెరటివైపు ఎద్దుల మెడగంటలు వినిపిస్తున్నాయి, నేను చదవలేదమ్మా, నాకేమీ రాదు, అందుకే వెళ్ళనన్నాను అంటే చాలు, ఈ పళ్ళెం తన్నేసి వెళ్ళి బండెక్కితే చాలు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. గంటల చప్పుడు ఆగిపోయింది.

కాసేపటికి పెరటి గుమ్మంలోంచి అన్న అప్పలసూరి వచ్చాడు, భుజం మీద పుస్తకాల పెట్టె పెట్టుకుని. జనం దారిచ్చారు. పెట్టెని గోడవార చప్పుడు కాకుండా దించి, దాని మీది దుమ్ము తువ్వాలుతో తుడిచి, తమ్ముడి ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆ మొహంలోకి చూడలేక నరసింగరావు పళ్ళెంలోని తన కాళ్ళని చూసుకున్నాడు. అన్నకి తెలిసిపోతుంది, ఇప్పుడు కొడతాడు, కొడితే బాగుండును అనుకున్నాడు.

"నాను తప్పు సేసినాన్రా తమ్ముడా" అన్నాడు అప్పలసూరి. "లక్ష్ముడి కాల్ల మీద పడమని అమ్మని అంపింది నానే. అమ్మ ఒద్దంటే కసిరి అంపినాను. పరీచ్చ, పరీచ్చ అనీసి కల్లు మూసుకుపోనాయి, అమ్మోరినీ సూడనేదు, అమ్మనీ సూడనేదు. నీకున్న గేనం నాకు నేకపోనాది. నాగలి పట్టిస్తానని కూడా అన్నాను. ఆ మాట మనసులో ఎట్టుకోకు. మల్లీ ఏడు రాద్దువుగాని, నాను సదివిస్తాను."

అమ్మవారి గుడిసె వైపు తిరిగి టపటపా చెంపలు వేసుకున్నాడు. మళ్ళీ ఇటు తిరిగి, అంతమందిలో, తమ్ముడి ఎదురుగా కూడా వేసుకున్నాడు. ఎండకి కమిలిన ఆ చెంపల మీద వేళ్ళ అచ్చులు తేలాయి. ఏమంటాడోనని అందరూ నరసింగరావు మొహంలోకి చూస్తున్నారు.

"పర్లేదన్నా" అన్నాడు నరసింగరావు.